కట్ట కింద వాళ్లు

పోయినేడు మా అక్క కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి అంచున అద్దె ఇంట్లో ఉంటోంది. “చిన్నమ్మా, మా ఇంటెనక వాగుకి బీవర్లు అడ్డం కట్ట కట్టినాయి. నీళ్లు నిలబడి చిన్న కుంట మాదిరి అయింది. ఎంత బాగుందో! వచ్చే వారం మనుషులొచ్చి దాన్ని పడగొడతారంట. బీవర్లని బోన్లు పెట్టి చంపుతారంట” అంది. ఎందుకని అడిగాను. “చేపల కోసం. ట్రౌట్ అనే చేప ఉంటుందిక్కడ. కట్టతో దానికి నష్టమంట.” కాసేపు ఆగి, “నువ్వు రాసేదానివి కదా, ఒక అర్జీ రాసియ్యి చిన్నమ్మా. కట్టతో వచ్చే లాభాలన్నీ వరసగా పెట్టి రాయి, సంతకాలు నేను పెట్టిస్తా” అంది.

అర్జీ అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇరవై ఏళ్ల కిందట కడప జిల్లా వేముల మండలంలో, మా పెద్దమ్మ వాళ్ల ఊరి వంక మీద కట్టిన ఒక చెక్ డ్యాం కోసం సరిగ్గా అలాంటి అర్జీయే రాశాను. లాభాలన్నీ వరసగా పెట్టి రాశాను. నా అర్జీ గెలిచింది. దాని మీద ఓడిపోయినవాళ్లెవరో నాకు తెలుసు, అందరూ ఆడవాళ్లే. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఎక్కడో వేల మైళ్ల దూరాన, నేనెప్పుడూ చూడని ఒక జంతువు కట్టిన కట్ట ఆ పాత కాగితాన్ని మళ్లీ నా ముందు పెట్టింది.

బీవర్‌కి తెలుగులో పేరు లేదు, అవసరం రాలేదు. ఉత్తర అమెరికాలో ఒక జాతి, యూరప్, ఆసియాల్లో ఇంకో జాతి ఉన్నాయి. ఎలుకల, ఉడతల వర్గానికి చెందినదే కానీ పదిహేను నుంచి ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. పళ్లలో ఇనుము ఉండడంతో అవి నారింజ రంగులో ఉంటాయి. జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి కాబట్టి చెట్లని కొరుకుతూనే ఉండాలి. మన నదుల్లో కనిపించే నీటికుక్క చేపలు తింటుంది. బీవర్ చేపని ముట్టదు. బెరడు, ఆకు, నీటి మొక్కలు దాని తిండి. కాబట్టి ట్రౌట్‌కీ బీవర్‌కీ మధ్య ఉన్నది నోటి దగ్గర తగువు కాదు, నీటి దగ్గర తగువు.

బీవర్‌కి కావలసింది లోతు. దాని ఇంటి వాకిలి నీళ్ల అడుగున ఉంటేనే తోడేలు లోపలికి రాలేదు. పైన మంచు గడ్డకట్టినా అడుగున నీళ్లుంటేనే చలికాలానికి దాచుకున్న కొమ్మలు అందుతాయి. వాగు నిస్సారంగా ఉంటే కొమ్మలు, రాళ్లు, బురద పేర్చి అడ్డం కడుతుంది. దాంతో ఎన్నో జరుగుతాయి. పరుగెత్తే నీరు నిలబడుతుంది. ఒండ్రు దిగుతుంది. పక్క నేలలోకి ఊట ఎక్కుతుంది. కొన్ని చెట్లు మునిగి చచ్చిపోతాయి, ఎండిన మోడుల మీద కొంగలు గూళ్లు పెడతాయి. కప్పలు, పురుగులు, పక్షులు చేరతాయి. తిండి చెట్లు అయిపోయాక బీవర్లు వేరే చోటికి పోతే కట్ట తెగి, ఆ మడుగు పచ్చిక బయలవుతుంది. ఇంకొకటి కూడా మరిచిపోకూడదు. బీవర్ కట్ట కారుతుంది. ఎంత మెత్తినా పుల్లల సందుల్లోంచి నీళ్లు దిగువకి పోతూనే ఉంటాయి. 

ఈ కట్టల మీద మొదటి పెద్ద పుస్తకం రాసినవాడు లూయిస్ హెన్రీ మోర్గాన్. పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? కుటుంబం, సొంతాస్తి, రాజ్యం ఎలా పుట్టాయో చెబుతూ ఏంగెల్స్ 1884లో రాసిన పుస్తకానికి ఆధారమైన ‘ప్రాచీన సమాజం’ రాసిన మోర్గానే. మాతృస్వామ్యం గురించి మనం చేసుకున్న వాదనల్లో సగం ఆయన చుట్టూ తిరిగినవే. ఆయన 1868లో ‘అమెరికన్ బీవర్, అతని పనులు’ అని అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. అతని పనులట! బీవర్లలో ఏది ఆడదో ఏది మగదో పైకి చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. కట్టే పని రెండూ చేస్తాయి. అయినా కట్టింది గట్టిగా, తెలివిగా కనబడగానే కట్టినవాడు ‘అతను’ అయిపోయాడు. ఇరోక్వా ఆడవాళ్ల అధికారాన్ని అంత శ్రద్ధగా గమనించిన మనిషి కలానికి కూడా ఆ అలవాటు తప్పలేదు.

పేరు సంగతి వదిలేసి లెక్క సంగతికి వస్తాను. మనిషి రాసుకున్న లెక్కల పుస్తకంలో బీవర్ పద్దు మూడుసార్లు మారింది. 

మొదట అది చర్మం. యూరప్ మగవాళ్ల టోపీలకి బీవర్ బొచ్చు కావాల్సి వచ్చింది. 1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ వ్యాపారంలో బీవర్ చర్మమే రూపాయి. ఒక తుపాకికి ఇన్ని చర్మాలు, ఒక దుప్పటికి ఇన్ని అని ధరలు కట్టేవాళ్లు. ఆ చర్మాలని గీకి, మెత్తబరిచి, సరుకుగా మార్చినవాళ్లు ఆదివాసీ స్త్రీలు. మంచు మీద నడిచే చెప్పులు అల్లింది, దారిలో తిండి సిద్ధం చేసింది, రెండు భాషల మధ్య మాట కలిపింది కూడా వాళ్లే. సిల్వియా వాన్ కర్క్ అనే చరిత్రకారిణి 1980లో పుస్తకం రాసేదాకా ఆ వ్యాపార చరిత్రలో వాళ్లకంటూ ఒక అధ్యాయం లేదు. యూరోపియన్లు రాకముందు ఉత్తర అమెరికాలో ఆరు కోట్ల నుంచి నలభై కోట్ల దాకా బీవర్లు ఉండేవని అంచనా. 1900 నాటికి లక్ష మాత్రం మిగిలాయంటారు. 

రెండోసారి అది పీడ. వేట మీద ఆంక్షలు వచ్చి సంఖ్య పెరిగేసరికి, ఈ మధ్యలో వాగుల పక్కన పొలాలు, రోడ్లు, ఇళ్లు లేచి ఉన్నాయి. కట్ట కడితే రోడ్డు మునుగుతుంది. ఇడాహో రాష్ట్రంలో 1948లో ఇలా అడ్డమైన 76 బీవర్లని పెట్టెల్లో పెట్టి, విమానంలోంచి పారాచూట్లతో అడవిలోకి వదిలారు. ఆ పెట్టె పనిచేస్తుందో లేదో చూడటానికి ఒక ముసలి మగ బీవర్‌ని మళ్లీ మళ్లీ కిందికి వేశారు. దానికి జెరోనిమో అని పేరు పెట్టుకున్నారు. అన్ని అవస్థలు పడ్డందుకు బహుమానంగా, మొదటి విడతలోనే దాన్ని పంపుతూ తోడుగా మూడు పడుచు ఆడ బీవర్లని ఇచ్చామని ఆ అధికారి వ్యాసంలో ముచ్చటగా రాసుకున్నాడు. పేరు ఒక్కదానికే ఉంది. మిగతా మూడూ బహుమానం!

మూడోసారి అది ఇంజనీరు. 1994లో కొందరు శాస్త్రవేత్తలు, తాము బతికే చోటునే మార్చేసే జీవులకి ‘ఇంజనీర్లు’ అని పేరు పెట్టారు. బీవర్ దానికి మొదటి ఉదాహరణ అయింది. కూలీ ఇవ్వక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు, కరువుని తట్టుకునే చెరువులు కట్టి పెడుతుంది అని ఇప్పుడు పొగడ్తలు. స్కాట్లండ్‌లో 2009లో తెచ్చి వదిలారు, 2019లో రక్షిత జాతి అన్నారు. రక్షిస్తూనే, పొలాలకి నష్టం చేసేవాటిని చంపడానికి లైసెన్సులు కూడా ఇచ్చారు.

ఇక ట్రౌట్ సంగతి. అది చల్లటి, తేటనీటి చేప. నీళ్లు వెచ్చబడితే బతకలేదు. గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, ఆ రాళ్ల మీద బురద దిగితే గుడ్లకి ఊపిరాడదు. గుడ్లు పెట్టే కాలంలో కొన్ని వాగు ఎదురెక్కి పోవాలి. కట్ట వీటన్నిటికీ అడ్డమని వాదన. విస్కాన్సిన్‌లో 1980ల చివరి నుంచి ట్రౌట్ వాగుల్లో బీవర్లని తొలగించడం, కట్టలు పడగొట్టడం ప్రభుత్వ కార్యక్రమంగా నడుస్తోంది. ఇంకో పక్క, కట్ట వెనకున్న లోతు ఎండకాలంలో, గడ్డకట్టే చలిలో చేపకి దాక్కునే చోటు అనీ, నేలలోకి ఇంకిన నీరు దిగువన చల్లగా ఊరి బయటికి వస్తుందనీ వాదన. ఒరెగాన్‌లో బ్రిడ్జ్ క్రీక్ అనే వాగులో మనుషులే వరసగా గుంజలు పాతి బీవర్ల పనికి ఊతమిచ్చారు. సముద్రానికి పోయి తిరిగొచ్చే స్టీల్‌హెడ్ ట్రౌట్ పిల్లలు అక్కడ ఎక్కువగా పెరిగాయనీ, ఎక్కువగా బతికాయనీ 2016లో అధ్యయనం వచ్చింది. అంతకుముందు 2012లో బీవర్ కట్టలకీ చేపలకీ సంబంధం గురించిన రాతలన్నీ జల్లించిన సమీక్ష ఒకటి ఇంకా ఆసక్తికరమైన సంగతి చెప్పింది. కట్టల మీద చెప్పిన నష్టాల్లో మూడింట రెండొంతులకి పైగా కొలతలు లేని ఊహలేనట. లాభాల్లో సగానికి పైగా కొలిచి చెప్పినవట.

అయితే బీవర్‌ది న్యాయం, చేపవాళ్లది అన్యాయం అని తేల్చేద్దామా? అలా తేల్చలేం. వాలు ఎక్కువున్న కొండ వాగు వేరు, మందంగా పారే మైదానపు వాగు వేరు. ఒకచోట చల్లబరిచే కట్ట ఇంకోచోట వెచ్చబరుస్తుంది. 1946లో అర్జెంటీనా ప్రభుత్వం బొచ్చు వ్యాపారం కోసం కెనడా నుంచి ఇరవై దాకా బీవర్లని తెచ్చి దక్షిణ కొసన టియెరా డెల్ ఫ్యూగోలో వదిలింది. వ్యాపారం నడవలేదు కానీ బీవర్లు లక్ష దాటాయి. అక్కడి చెట్లకి కొరికిన చోట మళ్లీ చిగురించే అలవాటు లేదు. అడవులు మోడులయ్యాయి. వాటిని పూర్తిగా తీసేయాలని 2008లో అర్జెంటీనా, చిలీ ఒప్పందం చేసుకున్నాయి. జంతువు అదే, పని అదే. ఫలితం మాత్రం చోటుని బట్టి మారింది.

చేపలోనూ అంతే. విస్కాన్సిన్‌లో బ్రూక్ ట్రౌట్ అక్కడి స్థానిక చేప. బ్రౌన్ ట్రౌట్ మాత్రం 1880లలో యూరప్ నుంచి తెచ్చి పోసినది. మన దేశంలోనూ కశ్మీరు ఏళ్లలోకి, నీలగిరి వాగుల్లోకి బ్రిటిష్ వాళ్లు తమ గాలం సరదా కోసం ట్రౌట్‌ని తెచ్చి వదిలారు. బీవర్ కట్టకి నష్టపరిహారం అడుగుతున్నది చేప కాదు. చేప పేరున గాలం అడుగుతోంది చాలాసార్లు.

ఈ వ్యవహారానికి ఇంగ్లీషులో వాడే మాటకి మన వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఎప్పుడో తెలుగు చేసి పెట్టారు: యాజమాన్యం. సస్య యాజమాన్యం, నీటి యాజమాన్యం, తెగుళ్ల యాజమాన్యం. ఏళ్ల తరబడి చదివాను, ఎప్పుడూ ఆగి చూడలేదు. యాజమాన్యం అంటే యజమానితనం. రేషను కార్డు మీద ‘కుటుంబ యజమాని’ అని గడి ఉంటుంది చూడండి, ఆ యజమాని. ఇంగ్లీషు మాట దాచుకున్నదాన్ని తెలుగు మాట బయటపెట్టేసింది. ఎవరిని ఎంత ఉంచాలి, ఎక్కడ ఉంచాలి, ఏ పనికి ఉంచాలి అని నిర్ణయించే హక్కు తనదే అనుకోవడం యాజమాన్యం. ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ మాటలోకి రానే రాదు.

ఇప్పుడు వేములకి వస్తాను.

పులివెందుల నుంచి వేంపల్లె పోయే దారి చుట్టుపక్కల నేల అది. ఏడాదంతా కలిపి ఆరువందల మిల్లీమీటర్ల చుట్టూ వాన. అది కూడా నాలుగు దెబ్బల్లో పడి పోతుంది. వంకలో నీళ్లు కనబడేది ఆ నాలుగు రోజులే. తర్వాత ఇసుక. కానీ ఆ ఇసుక కింద నీరు నడుస్తూనే ఉంటుంది. చేత్తో తవ్వితే ఊరుతుంది. దాన్ని చెలమ అంటారు. మా పెద్దమ్మ వాళ్ల ఊరి దిగువన ఎస్సీ కాలనీ ఆడవాళ్లు తెల్లారకముందే వచ్చి చెలమలు తోడేవాళ్లు. ముందు ఊరిన మట్టి నీళ్లు పారబోసి, తేట ఊరేదాకా కూర్చుని, చిప్పతో కడవలోకి ఎత్తుకునేవాళ్లు. ఒక్క కడవకి అరగంట పట్టేది. ఆ అరగంట ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. ఎందుకంటే నీళ్లు తేవడం ‘పని’ కాదు కదా, ఆడవాళ్లు ఎటూ చేసేదే కదా.

రాయలసీమకి వరసగా కరువులొచ్చిన కాలం అది. 2000లో ‘నీరు-మీరు’ అన్నారు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాటర్‌షెడ్ పనుల కింద 2003లో వంక మీద చెక్ డ్యాం కట్టారు. రాళ్లు మోసింది పై ఊరి కూలీ ఆడవాళ్లూ, దిగువ కాలనీ ఆడవాళ్లూ కూడా. పునాది గట్టి రాయి తగిలేదాకా తవ్వి కట్టారు, పని నాణ్యంగానే చేశారు. ఆ ఏడాది వానకి కట్ట వెనక నీళ్లు నిలిచాయి. మా పెద్దమ్మ బావిలో ఎన్నో ఏళ్ల తర్వాత మెట్లు మునిగాయి. భర్త పోయాక మూడెకరాలు ఒంటి చేత్తో చేసుకుంటున్న మనిషి. శెనక్కాయకి ఒక తడి ఎక్కువ పెట్టగలిగింది. ఆ రోజు ఆమె మొహం నాకింకా గుర్తుంది.

దిగువన మాత్రం శివరాత్రి దాకా ఊరే చెలమలు సంక్రాంతికే ఎండిపోయాయి. కట్ట పునాది ఇసుక కింద నడిచే ఊటని కూడా ఆపేసింది. కాలనీ ఆడవాళ్లు వచ్చి కట్టకి ఒక తూము పెట్టించమన్నారు. కట్ట తీసేయమనలేదు. తూము పెట్టి, వంకలో ఇసుక తడిసేపాటి నీళ్లు వదలమన్నారు. ఊరి మగవాళ్లు ఒక్క చుక్క కూడా పోదన్నారు. గొడవ ఆఫీసు దాకా పోయింది. అప్పుడు మా వాళ్లు, కాలేజీలో పాఠాలు చెప్పే నన్ను పిలిచి అర్జీ రాయమన్నారు.

రాశాను. ఎన్ని బావుల్లో మట్టం పెరిగిందో రాశాను. ఎన్ని ఎకరాలకి తడి అందిందో రాశాను. ఒంటరి స్త్రీలు సేద్యం చేసుకోగలుగుతున్నారని రాశాను. నేను స్త్రీవాదిని కదా, ‘గ్రామంలోని మహిళలందరికీ మేలు జరిగింది’ అని ప్రత్యేకంగా ఒక వాక్యం పెట్టాను. తూము గురించి, అది ఆధారం లేని అభ్యంతరం అన్నాను. నిజమే, ఆధారం లేదు. చెలమలో ఊరే నీటిని ఎవరు కొలిచారు గనక? బావికి మట్టం ఉంటుంది, బోరుకి అంగుళాలుంటాయి, చెలమకి చిప్ప ఒక్కటే కొలత.

అర్జీ మీద నిర్ణయం మావాళ్ల వైపు వచ్చింది. తర్వాత ఒకరోజు బస్సు కోసం నిలబడి ఉంటే కాలనీ నుంచి ఒకామె, అరవై ఏళ్లుంటాయి, దగ్గరికొచ్చింది. కోపంగా అనలేదు. “యామ్మా, సదువుకున్నదానివి, నువ్వు రాసిన కాయితంలో మా చెలమలు యాడుండాయి?” అంది. నేనేదో సర్దబోయాను. ఆమె వినలేదు. “లాభమే గానీ, కాదనల్యా. మమ్మల్నొక మాట అడగల్యా గదా” అనేసి పోయింది. మా పెద్దమ్మకి చెబితే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “తూము పెడితే నా బాయిలో రెండు మెట్లు తగ్గేటియి. అంతే గదమ్మీ” అంది. ఆ మాట ముందే అడిగి ఉంటే చెప్పేదేమో! అర్జీ రాసేముందు నేను ఆమెని కూడా అడగలేదు. ఆమె పేరు మాత్రం వాడుకున్నాను.

ఇందులో నా తప్పు ఏమిటని చాలాసార్లు ఆలోచించాను. అబద్ధం రాయలేదు. ప్రతి అంకె నిజమే. ఒక పక్షాన్ని రాయకపోవడం తప్పే. కానీ దానికంటే లోతైన తప్పు ఇంకొకటుంది. ఉపయోగాన్ని నిరూపిస్తే న్యాయాన్ని నిరూపించినట్టే అనుకున్నాను. బీవర్‌ని కాపాడాలనుకునేవాళ్లు ఈరోజు చేస్తున్నది ఇదే. అది పీడ కాదు, ఇంజనీరు, దానితో మనకి ఇంత లాభం అంటున్నారు. మంచి ఉద్దేశమే. కానీ ఉపయోగం మీద నిలబెట్టిన ప్రాణం ఉపయోగం అయిపోగానే కూలిపోతుంది. చర్మంగా ఉన్నప్పుడూ అది ఉపయోగకరమైనదే కదా, అందుకే చచ్చింది! 

ఈ ఉచ్చు ఆడవాళ్లకి కొత్త కాదు. ఇంటి పనికి విలువ కట్టాలని మనం పోరాడాం. కట్టాల్సిందే. అయితే విలువ కట్టడం వేరు, విలువని బట్టి చోటివ్వడం వేరు. ‘ఆడపిల్లని చదివిస్తే కుటుంబానికి లాభం, దేశానికి లాభం’ అని గోడల మీద రాస్తారు. లాభం లేకపోతే చదివించరా? ముసలైన తల్లికి, పనిచేయలేని చెల్లెలికి ఆ లెక్కలో చోటెక్కడ? చెలమ దగ్గర కూర్చున్న ఆమె నన్ను లాభాల జాబితాలో ఇంకో వరస చేర్చమనలేదు. జాబితా రాసేచోట తనకి కూర్చునే చోటు లేకపోయిందని చెప్పింది.

వేముల మండలంలో ఇప్పుడు ఇంకో కట్ట ఉంది, మా వంక మీది దానికంటే చాలా పెద్దది. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారానికి 2007లో పునాదిరాయి వేశారు. 2012లో ఉత్పత్తి మొదలైంది. ఖనిజం తీశాక మిగిలిన వ్యర్థం నిలవ చేసే చెరువు కొండల మధ్య ఉంది. బోర్ల నీళ్లు పాడయ్యాయనీ, అరటి తోటలు ఎండిపోతున్నాయనీ, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయనీ చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఫిర్యాదు చేశారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకి నోటీసు ఇచ్చింది. ఆ నేల రాళ్లలోనే సహజంగా యురేనియం ఉందని, కారణం తమ చెరువు కాదని సంస్థ వాదన. ఆ శాస్త్రం తేల్చే అర్హత నాకు లేదు. కానీ వాదన నడిచిన తీరు నాకు బాగా తెలిసిన తీరే. ఒక పక్క దేశానికి విద్యుత్తు, ఉద్యోగాలు, టన్నులు. ఇంకో పక్క దురద, నీళ్ల రంగు, పాలల్లో తేడా. ఒక పక్క కొలతలు, ఇంకో పక్క ‘ఆధారం లేని అభ్యంతరాలు’. నా అర్జీలో వాక్యమే ఇంకొకరి ఫైల్లో కూర్చుని ఉన్నట్టనిపిస్తుంది.

మరి కొలత వద్దా? కావాలి. ఆ 2012 సమీక్ష చెప్పింది అదే కదా, కొలవకుండానే నష్టమని నమ్మారని. కానీ ఏది కొలవాలో నిర్ణయించే చోట దిగువవాళ్లు ఉండాలి. ట్రౌట్ నీటి వేడిని డిగ్రీల్లో కొలిచే శ్రద్ధలో పదో వంతు మా చెలమల మీద పెట్టి ఉంటే, తూము ‘ఆధారం లేని’ కోరిక అయ్యేది కాదు.

పక్కా జవాబు నా దగ్గర లేదు. టియెరా డెల్ ఫ్యూగో అడవిని చూస్తే బీవర్‌ని ముట్టుకోకూడదని అనలేను. ఉనికిని గౌరవించడమంటే చేసే నష్టాన్ని చూడకపోవడం కాదు. మా ఊళ్లో అడవి పందులు ఒక్క రాత్రిలో పెద్దమ్మ శెనక్కాయ చేను తవ్విపోసిన పొద్దున నేను అక్కడ ఉన్నాను. ఆమెకి ఆ వేళ జీవకారుణ్యం బోధించే ధైర్యం నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. తీసేయడం, ఉంచడం అనే రెండే దారులుంటాయని మనకి అలవాటుగా అనిపిస్తుంది. తూము అనే మూడో దారి ఉంటుంది.

అమెరికాలో బీవర్ కట్టలకి కూడా తూములు పెడతారని ఈ వ్యాసం కోసం చదువుతుంటే తెలిసింది. కట్టలోంచి ఒక పైపు వేసి, నీళ్లు ఫలానా మట్టం దాటకుండా చేస్తారు. పారే నీటి చప్పుడు వింటే బీవర్ వచ్చి పూడుస్తుంది కాబట్టి, పైపు మొదలుని నీళ్ల అడుగున దూరంగా, చుట్టూ కంచె కట్టి పెడతారు. రోడ్డు మునగదు. బీవర్‌కి కావలసిన లోతు మిగులుతుంది. ఖర్చు పెద్దది కాదు, కానీ ఏడాదికోసారైనా ఎవరో పోయి చెత్త తీయాలి. మందుగుండు పెట్టి కట్ట పేల్చడానికి ఒక్క రోజు చాలు. తూముకి మాత్రం ఎప్పటికీ కనిపెట్టుకునే మనిషి కావాలి. అందుకేనేమో యాజమాన్యానికి తూము నచ్చదు.

మా అక్క కూతురికి అర్జీ రాసివ్వలేదు. “ముందు ఆ వాగు దిగువన ఎవరున్నారో పోయి అడుగు” అన్నాను. విసుక్కుంది, కానీ పోయింది. రెండు ఇళ్ల అవతల ఒక ముసలామె ఉందట. చిన్నప్పటి నుంచీ నాన్నతో కలిసి ఆ వాగులో బ్రూక్ ట్రౌట్ పట్టిందట. అరవై ఏళ్లలో అవి తగ్గిపోతూ వచ్చాయనీ, వేసవిలో నీళ్లు చేతికి వెచ్చగా తగులుతున్నాయనీ చెప్పిందట. బీవర్ల మీద కోపం లేదామెకి. “ఏడ్చింది చిన్నమ్మా. నేను ఆమెని విలన్ అనుకున్నా” అంది మా పిల్ల. పైపు సంగతి చెబితే, తనకీ తెలుసు గానీ తన మాట ఎవరూ అడగలేదని అందట. వారం తర్వాత మనుషులొచ్చి కట్ట తీసేశారు. బీవర్లు ఎన్ని చచ్చాయో మా పిల్లకి తెలియలేదు.

మా వంక మీది చెక్ డ్యాం ఇంకా ఉంది. ఒండ్రుతో సగానికి పైగా పూడింది. పెద్దమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. ఆ బావి ఎండిపోయి, పక్కనే బోరు పడింది. కాలనీలో ఇప్పుడు క్యాన్ల నీళ్లు కొనుక్కుంటున్నారు. మొన్న పోయినప్పుడు కట్ట మీద నిలబడి, తూము పెట్టి ఉంటే ఎక్కడ పెట్టేవాళ్లో చూశాను. అడుగున ఎడమ పక్కన, ఒక మనిషి చెయ్యి పట్టేంత చోటు చాలు. బస్టాండులో నన్నడిగిన ఆమె కోసం కాలనీకి పోయాను. ఆమె లేదు. కోడలు ఉంది. ఎందుకొచ్చానో చెప్పాను. విని, “అప్పుడెప్పుడో సంగతి ఇప్పుడేమడుగుతావులేమ్మా” అని, కూర్చోమని చెంబుతో నీళ్లిచ్చింది. క్యాను నీళ్లు. తాగాను.